మొక్కల డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

మొక్కల మీద పరిశోధన మొదలుపెట్టిన వ్యవసాయ, ఉద్యాన, వృక్షశాస్త్ర విద్యార్థులు సీక్వెన్సింగ్ గురించి, అంటే డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల్లోని అక్షరాల (బేస్‌ల) వరుసను యంత్రంతో చదివించడం గురించి, ఏటా ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాయడం కంటే అన్నీ ఒకచోట పెడితే మేలనిపించింది. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. ఉదాహరణలు ఎక్కువగా వరి, కంది, శనగ, మిరప నుంచే ఉంటాయి, అడిగేవాళ్లలో చాలామంది పని చేసేది వాటి మీదే కాబట్టి. ఒక అభిప్రాయం ముందే చెప్పేస్తాను: చెడిపోయే ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం యంత్రం దగ్గర చెడవు, నమూనా తీసిన రోజే చెడిపోతాయి. అందుకే ఆ భాగం మిగతావాటికంటే పొడుగ్గా ఉంటుంది.

## మొదలుపెట్టే ముందు

డీఎన్‌ఏ చదివించాలా, ఆర్‌ఎన్‌ఏ చదివించాలా? ఎలా తేల్చుకోవాలి?

మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసి చూడండి. "సుడిదోమను తట్టుకునే రకానికీ, తట్టుకోలేని రకానికీ జన్యువుల్లో తేడా ఎక్కడుంది?" అని వస్తే మీకు కావలసింది డీఎన్‌ఏ. "సుడిదోమ పట్టిన ఆరు గంటలకు మొక్కలో ఏ జన్యువులు పని మొదలుపెట్టాయి?" అని వస్తే ఆర్‌ఎన్‌ఏ, అంటే పనిచేస్తున్న జన్యువుల నుంచి తయారయ్యే నకళ్లు. ఒక మొక్క డీఎన్‌ఏ ఆకులో తీసినా వేరులో తీసినా, నేడు తీసినా వచ్చే నెల తీసినా దాదాపు ఒకటే. ఆర్‌ఎన్‌ఏ అలా కాదు. అది ఆ భాగానికి, ఆ వయసుకు, ఆ గంటకు మాత్రమే చెందినది. వాక్యం రాయలేకపోతున్నారంటే సీక్వెన్సింగ్‌కు ఇంకా సమయం రాలేదన్నమాట. "రెండూ చేయించేద్దాం, ఏదో ఒకటి తేలుతుంది" అనే ప్రతిపాదనలు చాలా చూశాను. వాటిలో తేలేది సాధారణంగా బిల్లు మాత్రమే.

సీక్వెన్సింగ్ చేయడమంటే జన్యుమార్పిడి చేయడమేనా? రైతులు అడుగుతున్నారు.

కాదు. సీక్వెన్సింగ్ అంటే మొక్కలో ఉన్న క్రమాన్ని చదవడం. మొక్కలో ఏదీ మారదు. చదివిన సమాచారాన్ని తర్వాత ఎలా వాడుకుంటారన్నది వేరే సంగతి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం, వరి పరిశోధన సంస్థ కలిసి తెచ్చిన మెరుగైన సాంబమసూరి 2008లో విడుదలైంది. బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను మామూలు సంకరణతోనే అందులోకి తెచ్చారు. ఏ పిల్లమొక్కలో మూడూ ఉన్నాయో చూడటానికి మాత్రమే డీఎన్‌ఏ మార్కర్లు (జన్యువును గుర్తుపట్టే డీఎన్‌ఏ ఆనవాళ్లు) వాడారు. 2025 మే నెలలో ప్రకటించిన డీఆర్‌ఆర్ ధాన్ 100, అంటే 'కమల', జన్యుసవరణతో వచ్చిన రకం. అందులో సాంబమసూరికి ఉన్న సొంత జన్యువునే సవరించారు, బయటి జీవి జన్యువు చేర్చలేదు. రైతులతో మాట్లాడేటప్పుడు సంకరణ, జన్యుసవరణ, జన్యుమార్పిడి మూడూ వేర్వేరని చెప్పాలి. చదవడం ఈ మూడింటికీ ముందు జరిగే పని.

వరి జన్యుక్రమం 2005లోనే పూర్తయింది కదా, మళ్లీ చదవడానికి ఏం మిగిలింది?

చాలా మిగిలింది. 2005లో అంతర్జాతీయ బృందం ప్రచురించినది నిప్పన్‌బరే అనే ఒక్క జపాన్ రకం జన్యుక్రమం, అంటే దాని మొత్తం డీఎన్‌ఏ అక్షరాల వరుస. 11వ క్రోమోజోమ్‌లో కొంత భాగాన్ని చదివింది మన దేశపు శాస్త్రవేత్తలే. ఒక రకాన్ని ఆధారంగా పెట్టుకుంటే ఆ రకంలో లేనిది కనబడదు. దీనికి సబ్1ఏ కంటే మంచి ఉదాహరణ లేదు. పైరు రెండు వారాల దాకా నీట మునిగినా బతకనిచ్చే ఈ జన్యువు ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్13ఏ అనే రకం నుంచి వచ్చింది. నిప్పన్‌బరేలో ఇది అసలు లేదు. భాస్వరం తక్కువున్న నేలల్లో వేళ్లు బాగా పెరగడానికి తోడ్పడే పీస్టాల్1 జన్యువు 2012లో బయటపడింది. అది కసలత్ అనే రకంలో ఉంది, నిప్పన్‌బరేలో లేదు. మీరు ఎఫ్‌ఆర్13ఏ రీడ్లను (యంత్రం చదివి ఇచ్చే డీఎన్‌ఏ ముక్కల క్రమాలను) నిప్పన్‌బరే మీద పెట్టి పోల్చారనుకోండి, సబ్1ఏ నుంచి వచ్చిన రీడ్లకు సరైన చోటు దొరకదు. కొన్ని అతకని రీడ్ల ఫైల్లో పడతాయి, కొన్ని పోలికున్న పక్క జన్యువు మీదకు తప్పుగా చేరతాయి. ఆ ఫైలును తెరిచి చూసేవాళ్లు తక్కువ.

అందుకే ఒక్క జన్యుక్రమంతో ఆగకుండా ఎన్నో రకాలను చదివి పోల్చే పని సాగుతోంది. 89 దేశాల నుంచి సేకరించిన 3,000కు పైగా వరి రకాల డేటా 2014లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నాయకత్వంలో 3,366 శనగ నమూనాల జన్యుక్రమాలు 2021లో ప్రచురితమయ్యాయి. మీ పంటకు ఇలాంటి డేటా ఉందేమో ముందు వెతకండి. కొన్ని ప్రశ్నలకు కొత్తగా ఒక్క నమూనా కూడా పంపకుండానే జవాబు దొరుకుతుంది.

నా పంట జన్యుక్రమం ఎంత పెద్దదో ఎందుకు తెలుసుకోవాలి?

ఖర్చు, కంప్యూటర్ అవసరం, పని కష్టం మూడూ దాని మీదే ఆధారపడతాయి. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో సుమారు 13.5 కోట్ల అక్షరాలు ఉంటాయి. వరిలో 39 కోట్లు, కందిలో 83 కోట్లు, టమాటాలో 90 కోట్లు, మిరపలో సుమారు 350 కోట్లు, గోధుమలో 1,600 కోట్లు. మిరపలో జన్యువుల సంఖ్య టమాటాకు దగ్గరగానే ఉంటుంది. మిగతాదంతా చాలా వరకు పదేపదే పునరావృతమయ్యే భాగాలే.

పరిమాణంతోపాటు క్రోమోజోమ్‌ల సెట్లు ఎన్నో కూడా చూడండి. గోధుమలో మూడు పూర్వీకుల జన్యుక్రమాలు కలిసి ఉన్నాయి, వేరుశనగలో రెండు. వేరుశనగ విషయంలో ముందు రెండు అడవి పూర్వీకులను విడివిడిగా చదివి 2016లో ప్రచురించారు, సాగు రకం 2019లో వచ్చింది. ఒకేలా ఉండే రెండు ప్రతులను విడదీయడం ఎంత కష్టమో ఆ క్రమమే చెబుతుంది.

మొత్తం జన్యుక్రమం చదివించేంత నిధులు లేవు. పరిశోధన ఆపేయాలా?

అక్కర్లేదు. రెండు మూడు వందల మొక్కలున్న సంకర సంతతిలో ఒక లక్షణం ఏ క్రోమోజోమ్ మీద ఉందో కనుక్కోవడానికి మొత్తం చదవనవసరం లేదు. కత్తిరింపు ఎంజైమ్‌తో డీఎన్‌ఏను తెంపి, ఎంపికైన ముక్కలను మాత్రమే చదివే జీబీఎస్ పద్ధతి 2011 నుంచి వాడుకలో ఉంది. ఒక జన్యువు ఉందో లేదో చూడటానికైతే మామూలు పీసీఆర్ (ఎంచుకున్న డీఎన్‌ఏ ముక్కను ఎన్నో ప్రతులుగా పెంచే పద్ధతి) మార్కర్ చాలు. వందల సంతతి మొక్కల్లో అత్యంత ఎక్కువగా, అత్యంత తక్కువగా లక్షణం చూపినవాటిని రెండు కుప్పలుగా కలిపి చదివించే పద్ధతి కూడా ఉంది. తక్కువ డబ్బుతో మంచి జవాబిచ్చే దారి అది, మన దగ్గర దాని వాడకం ఇంకా పెరగాలి.

## నమూనా తీసేటప్పుడు

డీఎన్‌ఏ కోసం ఏ ఆకు తీసుకోవాలి?

లేత ఆకు, ఒకే మొక్క నుంచి. లేత ఆకులో కణాలు చిన్నవి, దట్టంగా ఉంటాయి. పిండి పదార్థం, పాలీఫెనాల్స్ (గాలి తగిలితే గోధుమరంగుకు మారే పదార్థాలు) తక్కువ. మొక్కను ఒకటి రెండు రోజులు చీకట్లో ఉంచితే పిండి పదార్థం ఇంకా తగ్గుతుంది. చదివించిన మొక్క గింజలను విడిగా దాచండి. "ఈ రకం నుంచి తీశాం" అని రాస్తే సరిపోదు. ఒకే పేరుతో నాలుగు చోట్ల దొరికే విత్తనం నాలుగు రకాలుగా ఉండవచ్చు. బీపీటీ 5204 (సాంబమసూరి) పేరుతో అమ్మే ప్రతి సంచీలో అదే ఉందన్న నమ్మకం పెట్టుకోవద్దు, పరిశోధన కేంద్రం నుంచి తెచ్చుకోండి.

మామిడి, పత్తి ఆకుల నుంచి తీసిన డీఎన్‌ఏ గోధుమరంగులో జిగురుగా వస్తోంది. ఏం చేయాలి?

రంగు పాలీఫెనాల్స్‌ది, జిగురు పాలీశాకరైడ్లది (పొడవైన చక్కెర గొలుసులది). ఆకును నూరగానే పాలీఫెనాల్స్ గాలి తగిలి మారిపోయి డీఎన్‌ఏకు అంటుకుంటాయి. ఒకసారి అంటుకున్నాక కడిగినా పోవు, కాబట్టి ముందే అడ్డుకోవాలి. డీఎన్‌ఏ తీయడానికి వాడే సీటాబ్ ద్రావణంలో పాలీఫెనాల్స్‌ను అడ్డుకునే పీవీపీ, బీటా మెర్‌కాప్టోఎథనాల్ అప్పటికప్పుడు కలపండి. నూరిన పొడిని సార్బిటాల్ ద్రావణంతో ఒకటి రెండు సార్లు కడిగి ఆ తర్వాత సీటాబ్ పోస్తే జిగురు చాలా వరకు పోతుంది. డీఎన్‌ఏను అవక్షేపించే ముందు ఉప్పు గాఢత పెంచితే పాలీశాకరైడ్లు ద్రావణంలోనే ఉండిపోతాయి. పొడవైన రీడ్ల కోసమైతే డీఎన్‌ఏ తెగకుండా చూడాలి. వోర్టెక్స్ (ట్యూబును వేగంగా కుదిపే యంత్రం) మీద పెట్టొద్దు, మొన కత్తిరించిన పిపెట్ టిప్పులతో నెమ్మదిగా తీయండి, పదేపదే గడ్డకట్టించి కరిగించవద్దు.

నానోడ్రాప్‌లో రీడింగ్ బ్రహ్మాండంగా ఉంది, అయినా సీక్వెన్సింగ్ సంస్థ మా నమూనాను తిరస్కరించింది. ఎందుకు?

నానోడ్రాప్ కాంతితో డీఎన్‌ఏను కొలిచే యంత్రం, అది 260 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకునే ప్రతిదాన్నీ లెక్కవేస్తుంది. ఆర్‌ఎన్‌ఏ, విడి న్యూక్లియోటైడ్లు, కొన్ని మలినాలు అన్నీ అందులో కలుస్తాయి. క్యూబిట్ అనే యంత్రం డీఎన్‌ఏకు మాత్రమే అంటుకునే రంగుతో కొలుస్తుంది. నానోడ్రాప్ 200 నానోగ్రాములు చూపిన చోట క్యూబిట్ 40 చూపితే నమ్మాల్సింది క్యూబిట్‌నే. శుభ్రత తెలిపే నిష్పత్తులు (రెండు తరంగదైర్ఘ్యాల దగ్గర పీల్చిన కాంతుల పోలిక) చూడటానికి మాత్రం నానోడ్రాప్ కావాలి. డీఎన్‌ఏకు 260/280 విలువ సుమారు 1.8, 260/230 విలువ 2 పైన ఉంటే మంచిది. చివరగా డీఎన్‌ఏ ముక్కలను పొడవును బట్టి విడదీసే జెల్ మీద పరుగెత్తించి చూడండి, ముక్కలైందో లేదో ఆ రెండు యంత్రాలూ చెప్పవు.

ఆకును వెంటనే గడ్డకట్టించే ద్రవ నైట్రోజన్ పొలంలో దొరకదు. ఆర్‌ఎన్‌ఏ నమూనాలు ఎలా తేవాలి?

ఆర్‌ఎన్‌ఏను స్థిరపరిచే ద్రావణాలు దొరుకుతాయి. ఆకును సన్నగా కోసి వెంటనే ముంచాలి. మందపాటి ముక్క లోపలికి ద్రావణం చేరదు. మైనపు పూత ఉన్న ఆకుల్లో ఇది బాగా పనిచేయకపోవచ్చు, ముందు రెండు ఆకుల మీద పరీక్షించి చూడండి. ఐస్ పెట్టెలో పెట్టి తెస్తామంటే ఆర్‌ఎన్‌ఏకు అది చాలదు. కోసిన ఆకు బతికే ఉంటుంది, దెబ్బ తగిలిందని గుర్తించి వెంటనే జన్యువుల పని మార్చుకుంటుంది. మీరు కొలిచేది చివరికి ఎండ ఒత్తిడిని కాకుండా కత్తెర దెబ్బను అవుతుంది. డీఎన్‌ఏకైతే ఇంత హడావిడి లేదు, ఆకును సిలికా జెల్ సంచీలో ఎండబెట్టి తెచ్చినా సరిపోతుంది.

ఆర్‌ఎన్‌ఏ కోసం ఏ వేళలో తీయాలి? అంత తేడా ఉంటుందా?

ఉంటుంది. మొక్కల జన్యువుల్లో పెద్ద భాగం పగలు–రాత్రి లయను బట్టి పెరిగి తగ్గుతుంది. అరబిడాప్సిస్‌లో దాదాపు మూడో వంతు జన్యువులు ఈ లయలో నడుస్తాయన్న అంచనా ఉంది. నీరు పెట్టిన మొక్కల ఆకులు పొద్దున 8 గంటలకు, ఎండబెట్టిన మొక్కల ఆకులు 11 గంటలకు తీశారనుకోండి. గణాంకాల పట్టికలో వందల జన్యువులు "నీటి ఎద్దడికి స్పందించినవి"గా వస్తాయి, వాటిలో ఎన్ని కేవలం గడియారానికి స్పందించాయో చెప్పే దారి ఉండదు. ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని సరిదిద్దలేదు.

పని చాలా ఉంటే మనుషులను పెంచండి. అదీ కుదరకపోతే ఒక పోలిక మొక్క (మామూలుగా పెంచినది), ఒక ప్రయోగ మొక్క చొప్పున మార్చి మార్చి తీయండి. అప్పుడు సమయం తేడా రెండు వైపులా సమానంగా పంచబడుతుంది. ప్రతి ట్యూబు మీద తీసిన సమయం రాయండి. దశ కూడా అంతే ముఖ్యం. నాటిన రోజుల లెక్క ఒక్కటే నమ్మొద్దు. స్వల్పకాలిక రకం పొట్ట దశలో ఉన్నప్పుడు దీర్ఘకాలిక రకం ఇంకా పిలకలు వేస్తుంటుంది. రోజులు సమానమైనంత మాత్రాన పోలిక సమానం కాదు.

ఎన్ని రెప్లికేట్లు (ఒకే పరిస్థితిలో తీసే వేర్వేరు నమూనాలు) కావాలి? ఒకే ఆర్‌ఎన్‌ఏను మూడుసార్లు చదివిస్తే చాలదా?

చాలదు. ఒకే ట్యూబును మూడుసార్లు చదివిస్తే యంత్రం ఎంత నిలకడగా పనిచేస్తుందో తెలుస్తుంది. అది ఎప్పుడో తేలిన విషయం. మీకు తెలియాల్సింది మొక్కకూ మొక్కకూ మధ్య సహజంగా ఎంత తేడా ఉంటుందన్నది. ఆ తేడాకంటే చికిత్స (ప్రయోగంలో మొక్కకు కల్పించిన పరిస్థితి) వల్ల వచ్చిన తేడా పెద్దదైతేనే దానికి విలువ. కాబట్టి వేర్వేరు మొక్కలు, వీలైతే వేర్వేరు మడుల నుంచి తీసినవి కావాలి. ఒక్కో పరిస్థితికి మూడు కనీసం. కుండీల్లో పెంచినవాటికి మూడు నాలుగు సరిపోవచ్చు, పొలంలో తీసేటప్పుడు ఐదారు పెట్టుకోండి. మూడింటిలో ఒకటి చెడిపోతే మిగిలే రెండింటితో ఏమీ చెప్పలేరు. డబ్బు పరిమితమైతే ఒక్కో నమూనాకు రీడ్లు తగ్గించి నమూనాల సంఖ్య పెంచండి. చాలా ప్రయోగాలకు అదే లాభం.

ఇంకొకటి. పోలిక మొక్కల ఆర్‌ఎన్‌ఏ అంతా సోమవారం ఒకరు, ప్రయోగ మొక్కలది గురువారం ఇంకొకరు తీయడం మన ప్రయోగశాలల్లో అతి మామూలు. చికిత్స తేడా, చేతి తేడా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతే విడదీయలేం. రెండు వైపుల నమూనాలనూ ప్రతి రోజుకూ కొన్ని చొప్పున పంచుకోండి.

ఆకు ఆర్‌ఎన్‌ఏకు రిన్ విలువ (ఆర్‌ఎన్‌ఏ ఎంత చెక్కుచెదరకుండా ఉందో చెప్పే అంకె) 6.5 వచ్చింది. పారేయాలా?

తొందరపడొద్దు. రిన్ లెక్క జంతు కణాలను దృష్టిలో పెట్టుకుని తయారైంది. ఆకుపచ్చ ఆకులో హరితరేణువుల రైబోసోమల్ ఆర్‌ఎన్‌ఏ (ప్రొటీన్లు తయారుచేసే రైబోసోముల్లో ఉండేది) అదనపు శిఖరాలుగా కనిపించి విలువను తగ్గిస్తుంది. గ్రాఫును కంటితో చూడండి. రెండు ప్రధాన శిఖరాలు స్పష్టంగా ఉండి, కింద చెత్త తక్కువగా ఉంటే పని నడుస్తుంది. వేరు ఆర్‌ఎన్‌ఏకు అదే విలువ వస్తే మాత్రం అనుమానించాలి.

## యంత్రం, లైబ్రరీ (యంత్రంలో పెట్టడానికి సిద్ధం చేసిన డీఎన్‌ఏ ముక్కలు) ఎంచుకునేటప్పుడు

ఇల్యుమినా, పాక్‌బయో, నానోపోర్: ఏది మంచిది?

దేనికి అన్నదే ప్రశ్న. ఇల్యుమినా సాధారణంగా 150 అక్షరాల పొట్టి రీడ్లు ఇస్తుంది, తప్పులు చాలా తక్కువ. రకాల మధ్య చిన్న తేడాలు పట్టడానికి, ఆర్‌ఎన్‌ఏ లెక్కింపుకు ఇదే చవక. కొత్తగా ఒక జన్యుక్రమాన్ని నిర్మించాలంటే మాత్రం పొట్టి రీడ్లతో ఇబ్బంది. పాట రాసిన కాగితాన్ని ముక్కలు చేస్తే పల్లవి ముక్క ఏ చరణం తర్వాతదో తెలియనట్టు, పునరావృత భాగంలోంచి వచ్చిన రీడు ఎక్కడిదో తేల్చలేం. మొక్కజొన్న జన్యుక్రమంలో 85 శాతం దాకా అలాంటి భాగాలే. పాక్‌బయో హైఫై రీడ్లు 15,000 నుంచి 20,000 అక్షరాల పొడవుతో, 99.9 శాతం కచ్చితత్వంతో వస్తాయి. కొత్త జన్యుక్రమ నిర్మాణానికి ఇప్పుడు నా మొదటి ఎంపిక అదే. నానోపోర్‌లో లక్ష అక్షరాలు దాటిన రీడ్లు కూడా సాధ్యం, చిన్న యంత్రం ల్యాప్‌టాప్‌కు తగిలించి నడపవచ్చు. ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చకుండా నేరుగా చదవగలగడం దాని ప్రత్యేకత. పొడవైన రీడ్లకు పొడవైన డీఎన్‌ఏ కావాలన్న సంగతి మరవకండి. ముక్కలైన డీఎన్‌ఏ ఇచ్చి పొడవైన రీడ్లు రాలేదని సంస్థతో గొడవపడి లాభం లేదు.

"30 ఎక్స్" అంటే ఏమిటి? నాకెంత కావాలి?

జన్యుక్రమంలోని ప్రతి అక్షరం సగటున 30 సార్లు చదవబడిందని అర్థం. వరికి లెక్క వేద్దాం: 39 కోట్ల అక్షరాలు × 30 = 1,170 కోట్ల అక్షరాలు, అంటే 11.7 గిగాబేస్‌లు. 150 అక్షరాల జంట రీడ్లలో (ఒక ముక్కను రెండు చివర్ల నుంచి చదివినవి) 3.9 కోట్ల జతలు. అదే మిరపకు దాదాపు తొమ్మిది రెట్లు. సగటు సగటే కాబట్టి కొన్ని చోట్ల 5 సార్లే పడుతుంది, కొన్నిచోట్ల 60. తేడాలను నమ్మకంగా గుర్తించడానికి 20 నుంచి 30 సరిపోతుంది. వందల నమూనాలతో పని చేస్తూ జనాభా స్థాయి ప్రశ్న అడుగుతుంటే తక్కువ లోతుతోనూ (తక్కువ ఎక్స్‌తోనూ) సరిపెట్టుకోవచ్చు. ఆకు డీఎన్‌ఏలో హరితరేణువుల డీఎన్‌ఏ వాటా గణనీయంగా ఉంటుంది. అది పోగా మిగిలిందే మీ అసలు లోతు.

ఆర్‌ఎన్‌ఏకు పాలీ-ఏ పద్ధతి మంచిదా, రైబోసోమల్ ఆర్‌ఎన్‌ఏ తొలగింపు మంచిదా?

మొక్క జన్యువుల పని మాత్రమే చూడాలంటే, చివర పాలీ-ఏ తోక (వరుసగా 'ఏ' అక్షరాలు) ఉన్న ఆర్‌ఎన్‌ఏలను ఏరే పాలీ-ఏ పద్ధతి చవక, సులభం. నమూనాకు 2 నుంచి 3 కోట్ల జతల రీడ్లు మామూలుగా చాలు. తెగులు సోకిన ఆకులో బాక్టీరియా జన్యువులు కూడా చూడాలనుకుంటే పాలీ-ఏ పనికిరాదు, రైబోసోమల్ ఆర్‌ఎన్‌ఏ తొలగింపు కావాలి. బాక్టీరియా ఆర్‌ఎన్‌ఏలకు మొక్కల ఆర్‌ఎన్‌ఏలకున్నట్టు స్థిరమైన పాలీ-ఏ తోక ఉండదు కాబట్టి అవన్నీ ఆ దశలోనే కొట్టుకుపోతాయి. ఎండాకు తెగులు మీద పనిచేసేవాళ్లు ఈ సంగతి ఆర్డరు పెట్టకముందే ఆలోచించాలి.

మిరపలో బొబ్బర తెగులు కనిపిస్తోంది. ఏ వైరస్సో సీక్వెన్సింగ్‌తో తేల్చవచ్చా?

తేల్చవచ్చు, కాకపోతే ముందు తెలిసిన వైరస్‌లకు పీసీఆర్ చేసి చూడండి. దానితో తేలితే సీక్వెన్సింగ్ అనవసరం. తెలియని వైరస్ అనిపిస్తే చిన్న ఆర్‌ఎన్‌ఏల సీక్వెన్సింగ్ మంచి దారి. మొక్క తనలోకి వచ్చిన వైరస్ ఆర్‌ఎన్‌ఏను 21, 22, 24 అక్షరాల ముక్కలుగా నరుకుతుంది. ఆ ముక్కలను చదివి అతికిస్తే వైరస్ క్రమం బయటపడుతుంది. ఒకే మొక్కలో రెండు మూడు వైరస్‌లు కలిసి ఉన్నా కనిపిస్తాయి. తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్‌లకు డీఎన్‌ఏ జన్యుక్రమం ఉంటుంది, ఒక్కో వలయం సుమారు 2,700 అక్షరాలే. దాన్ని వలయాకార విస్తరణ పద్ధతిలో పెంచి చదివిస్తే పూర్తి క్రమం వస్తుంది.

సింగిల్ సెల్ సీక్వెన్సింగ్ (ఒక్కో కణాన్ని విడిగా చదవడం) చేయాలా?

ఎంఎస్సీ ప్రాజెక్టుకైతే వద్దు. మొక్క కణానికి గోడ ఉంటుంది. దాన్ని ఎంజైమ్‌తో కరిగించే ఆ గంటా రెండు గంటల్లోనే జన్యువుల పని మారిపోతుంది. కేంద్రకాలను మాత్రం వేరుచేసి చదివే పద్ధతి ఆ ఇబ్బందిని తగ్గిస్తుంది.

సీక్వెన్సింగ్ సంస్థను డబ్బు కట్టే ముందు ఏం అడగాలి?

ముడి డేటా మొత్తం ఇస్తారా, ఎంత కాలం దాచి ఉంచుతారు, నాణ్యత తక్కువైతే మళ్లీ చదువుతారా, మిగిలిన నమూనా వెనక్కి పంపుతారా, లైబ్రరీ తయారీకి ఏ కిట్ వాడారు. వీటికి జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. కిట్ పేరు లేకుండా పద్ధతుల అధ్యాయం రాయలేరు.

## డేటా చేతికొచ్చాక

ఫాస్ట్‌క్యూ ఫైళ్లు (రీడ్లు, వాటి నాణ్యత రాసి ఉండేవి) వచ్చాయి. మొట్టమొదట ఏం చేయాలి?

చెక్‌సమ్ (ఫైలు చెడకుండా వచ్చిందో చెప్పే సంఖ్య) సరిచూడండి, రెండో చోట కాపీ పెట్టండి, అసలు ఫైళ్లను మార్చడానికి వీల్లేకుండా చేయండి. ఆ తర్వాతే నాణ్యత చూడటం. క్యూ30 అంటే వెయ్యి అక్షరాలకు ఒక తప్పు, క్యూ20 అంటే వందకు ఒకటి. ఆర్‌ఎన్‌ఏ డేటాలో ఫాస్ట్‌క్యూసీ అనే నాణ్యత పరీక్ష సాఫ్ట్‌వేర్ నివేదిక మొదటి పది పన్నెండు అక్షరాల దగ్గర ఎర్ర గుర్తు చూపిస్తుంది. లైబ్రరీ తయారీలో వాడే యాదృచ్ఛిక ప్రైమర్ల (నకలు తీయడం మొదలుపెట్టించే పొట్టి ముక్కల) వల్ల అది దాదాపు ఎప్పుడూ వస్తుంది. దాన్ని చూసి భయపడి రీడ్లు కత్తిరించవద్దు.

మా దగ్గర పెద్ద సర్వర్ లేదు. విశ్లేషణ ఎలా?

గెలాక్సీ అనే ఉచిత వేదికలో బ్రౌజర్ నుంచే పని చేయవచ్చు, కమాండ్లు రాయనక్కర్లేదు. వరి ఆర్‌ఎన్‌ఏ డేటా విశ్లేషణకు 16 గిగాబైట్ల మెమరీ ఉన్న మామూలు కంప్యూటర్ కూడా సరిపోతుంది. కొత్త జన్యుక్రమ నిర్మాణానికి, అందులోనూ గోధుమ లాంటి పంటకు, విశ్వవిద్యాలయ సర్వర్ తప్పదు.

మనుషుల డేటాకు రాసిన సూచనలనే మొక్కలకు వాడుతున్నాం. పర్వాలేదా?

కొన్నిచోట్ల దెబ్బతింటారు. రీడ్లను అమర్చే సాఫ్ట్‌వేర్లలో ఇంట్రాన్ (జన్యువు మధ్యలో ఉండి ఆర్‌ఎన్‌ఏ నుంచి తొలగిపోయే భాగం) గరిష్ఠ పొడవు జంతువులకు తగ్గట్టు ముందే పెట్టి ఉంటుంది. హైశాట్2 అనే సాఫ్ట్‌వేర్‌లో అది 5 లక్షల అక్షరాలు. మొక్కల ఇంట్రాన్లు ఎక్కువగా వందల అక్షరాల్లోనే ఉంటాయి. ఆ పరిమితిని తగ్గించకపోతే పక్కపక్కనే ఉన్న ఒకే కుటుంబ జన్యువుల మధ్య రీడ్లు దూకి, లేని జన్యువులు పుట్టుకొస్తాయి. తెగులు నిరోధక జన్యువులు సాధారణంగా అలా గుంపులుగానే ఉంటాయి, సరిగ్గా మీకు కావలసిన చోటే పొరపాటు జరుగుతుందన్నమాట.

ఒకే వరి జన్యువుకు రెండు పేర్లు కనిపిస్తున్నాయి. ఏది సరైనది?

రెండూ సరైనవే. వరికి రెండు వేర్వేరు జన్యు పట్టికలున్నాయి. ఒకటి జపాన్‌వాళ్ల రాప్, రెండోది అమెరికాలో తయారైన ఎంఎస్‌యూ. మార్చుకునే పట్టిక రాప్ సైటులో ఉంది, అయితే అన్ని జన్యువులకూ ఒకదానికొకటి సరిగ్గా సరిపోదు. మొదటి రోజే ఒకటి ఎంచుకుని చివరిదాకా దానితోనే ఉండండి. వ్యాసంలో పట్టిక పేరు, వెర్షన్ రాయండి.

తేడా ఉన్న జన్యువులు 4,000 వచ్చాయి. ఇన్ని నిజమేనా?

నిజమే కావచ్చు, తీవ్రమైన ఒత్తిడికి మొక్క మొత్తం స్పందిస్తుంది. ముందు సవరించిన పి విలువను (వేల పరీక్షలు ఒకేసారి చేసినందుకు సరిదిద్దినదాన్ని) చూశారో లేదో సరిచూసుకోండి. 30,000 జన్యువులను పరీక్షిస్తే, అసలు ఏ తేడా లేకపోయినా, సవరించని 0.05 పరిమితి దగ్గర 1,500 వరకు ఊరికే దాటతాయి. తర్వాత పీసీఏ చిత్రం (ఒకదానికొకటి పోలిన నమూనాలను దగ్గరగా చూపే బొమ్మ) గీయండి. నమూనాలు చికిత్సను బట్టి కాకుండా తీసిన తేదీని బట్టి విడిపోతుంటే ఆ పట్టికను పక్కన పెట్టాలి.

## ఫలితం నుంచి పొలానికి

ఆర్‌టీ-పీసీఆర్‌తో (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి చేసే పీసీఆర్‌తో) ధ్రువీకరణ తప్పనిసరా?

సమీక్షకులు అడుగుతూనే ఉంటారు. చదివించిన అదే ఆర్‌ఎన్‌ఏ మీద చేస్తే కొత్తగా తెలిసేది తక్కువ. కొత్తగా పెంచిన మొక్కల మీద, వీలైతే మరో రకం మీద, మరో సీజన్‌లో చేస్తే దానికి విలువ.

ఒక లక్షణంతో ముడిపడిన జన్యువు దొరికింది. ఇదే కారణమని రాయవచ్చా?

ఇంకా రాయకూడదు. వరిలాంటి స్వపరాగ పంటలో పక్కపక్కన ఉన్న జన్యువులు కలిసికట్టుగా తరతరాలు ప్రయాణిస్తాయి. సుమారు లక్ష అక్షరాల మేర ఏ తేడా అయినా మీ లక్షణంతో ముడిపడినట్టే కనిపించవచ్చు, అందులో పదీ పదిహేను జన్యువులు ఉండవచ్చు. వాటిలో పేరు బాగున్నదాన్ని ఎంచుకుని కథ అల్లడం ఈ రంగంలో పాత జబ్బు. ఆ జన్యువు పనిచేయని ఉత్పరివర్తన మొక్క ఏం చేస్తుంది, జన్యువును తిరిగి ఇస్తే లక్షణం తిరిగి వస్తుందా అన్నవి తేలాకే కారణం అనాలి. అంతవరకు "అభ్యర్థి జన్యువు" అనండి.

ఇదంతా రైతుకు చేరడానికి ఎంత కాలం పడుతుంది?

మునకను తట్టుకునే వరినే చూడండి. ఆ లక్షణం 9వ క్రోమోజోమ్ మీద ఉందని 1996లో తేలింది. కారణమైన సబ్1ఏ జన్యువు 2006లో బయటపడింది. మార్టేరులో పుట్టిన స్వర్ణలోకి దాన్ని సంకరణతో తెచ్చి, స్వర్ణ-సబ్1గా మన దేశంలో 2009లో విడుదల చేశారు. మొత్తం పదమూడేళ్లు. చివరి అంకం వేగంగా నడవడానికి కారణం అప్పటికే రైతులు కోరుకుంటున్న స్వర్ణను ఎంచుకోవడం. గింజ, దిగుబడి, అన్నం రుచి అలాగే ఉంచి ఒక్క గుణం చేర్చారు. ఇప్పుడు చదవడం వేగవంతమైనా, సంకరణకు, పలుచోట్ల పరీక్షలకు పట్టే సీజన్లు మాత్రం పెద్దగా తగ్గలేదు.

డేటా ఎక్కడ జమ చేయాలి? నమూనాలను విదేశాలకు పంపవచ్చా?

ముడి రీడ్లను అంతర్జాతీయ డేటా నిధుల్లో ఎందులోనైనా జమ చేయవచ్చు. ఫరీదాబాద్‌లో 2022లో ప్రారంభమైన భారత జీవ డేటా కేంద్రం కూడా స్వీకరిస్తుంది. ప్రభుత్వ నిధులతో చేసిన పనైతే నిధులిచ్చిన సంస్థ షరతులు చూడండి. నమూనాలను, డీఎన్‌ఏను దేశం దాటించాలంటే 2002 నాటి జీవవైవిధ్య చట్టం వర్తించవచ్చు. చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలేమో పంపకముందే కనుక్కోండి, పంపాక కాదు.

జమ చేసేటప్పుడు రకం పేరు, విత్తనం ఎక్కడిది, మొక్క భాగం, దశ, తీసిన తేదీ, సమయం, చికిత్స వివరాలు నింపండి. "నమూనా 1, నమూనా 2" అని మాత్రమే రాసి ఉన్న డేటా నిధుల్లో కుప్పలుగా పడి ఉంది, దాన్ని మళ్లీ వాడటం ఎవరి వల్లా కాదు.